చీముపుండ్లకు ఫేజ్ ఎంజైమ్ మందు: ఎక్కడిదాకా వచ్చింది?

పోయిన వానాకాలంలో జెద్దాలో ఉద్యోగం చేస్తున్న మన దాత ఒకరు ఫోనులో ఒక సందేశం పంపారు. "మాస్టర్ సాబ్, వైరస్ నుంచి తీసిన ఎంజైముతో చర్మం మీది చీముపుండ్లు మానిపోయే క్రీము యూరప్‌లో దొరుకుతోందట. యాంటీబయాటిక్ అక్కరలేదట. మన హాస్టలు పిల్లలకు తెప్పిద్దాం. ఎంతైనా ఖర్చు నాది" అని దాని సారాంశం. కార్యవర్గ సమావేశంలో చదివి వినిపిస్తే సగం మంది "వెంటనే తెప్పిద్దాం" అన్నారు. మిగతా సగం "వైరస్సా! కరోనాతో పడింది చాలదా?" అన్నారు. బడిలో సైన్సు చెప్పేవాళ్లం కదా అని, సంగతేమిటో కనుక్కొని సావనీరులో రాసే పని మా మీద పెట్టారు. ఇది ఆ వ్యాసమే.

ఆ దాతగారికి ఈ ఆలోచన ఊరికే రాలేదు. మన హాస్టలుకు ఒక్కసారైనా వచ్చినవారికి తెలుసు. వానలు మొదలవగానే పిల్లల మోకాళ్ల మీద, ముక్కు కింద, పిర్రల మీద పొక్కులు లేస్తాయి. గోకితే పగిలి తేనె రంగు పెచ్చు కడతాయి. కొందరికి సెగగడ్డలు. ఒకరి తువ్వాలు ఒకరు వాడతారు, పక్కపక్కన పడుకుంటారు. వారం తిరిగేసరికి గదంతా అదే.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. రెండేళ్ల కిందట మేమే చొరవ తీసుకొని, మీరిచ్చిన డబ్బుతో, హోల్‌సేల్ మందుల షాపులో పెట్టెలకొద్దీ ఒక క్రీము కొని పంచాము. యాంటీబయాటిక్, స్టెరాయిడ్, ఫంగస్ మందు మూడూ కలిపిన ట్యూబు అది. పంచుతూ ఫోటో కూడా దిగాము. మూడు రోజులు దురద తగ్గింది, అందరూ సంతోషించారు. తరువాత కొందరు పిల్లలకు ఒళ్లంతా తామర పాకింది. చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళితే, ఆమె పిల్లల్ని చూసి, ట్యూబు చూసి, "ఇది ఎవరిచ్చారు?" అని అడిగారు. "మేమేనమ్మా" అన్నాము. ఆ రోజు ఆమె చెప్పిన పాఠం ఈ వ్యాసానికి పునాది.

పాఠం ఇది. పిల్లల చర్మం మీద మనకు ఒకేలా కనిపించేవి నిజానికి వేర్వేరు జబ్బులు. తామర ఫంగస్ వల్ల వస్తుంది. గజ్జి చర్మంలో బొరియలు చేసుకొని బతికే, కంటికి సరిగా ఆనని పురుగు వల్ల వస్తుంది. సెగగడ్డలు, తేనె రంగు పెచ్చు కట్టే పుండ్లు బ్యాక్టీరియా వల్ల వస్తాయి. ఒక్కోసారి మూడూ ఒకే పిల్లవాడి మీద ఉంటాయి. గజ్జి దురదకు గోకితే చర్మం గీరుకుపోతుంది, ఆ గీతలోంచి బ్యాక్టీరియా దూరుతుంది. స్టెరాయిడ్ దురదను అణచిపెడుతుంది, దానితోపాటు శరీరం చేసే పోరాటాన్నీ అణచిపెడుతుంది. అప్పుడు ఫంగస్‌కు అడ్డం ఉండదు. జెద్దా నుంచి వచ్చిన సందేశంలోని ఎంజైము ఈ మూడింటిలో ఒక్క బ్యాక్టీరియా జోలికే వెళుతుంది. అందులోనూ అన్ని బ్యాక్టీరియాల జోలికి కాదు. ఈ ముక్క ముందే చెప్పుకుంటే తరువాత సంగతి తేలికవుతుంది.

సెగగడ్డల్లో ఎక్కువగా కనిపించే బ్యాక్టీరియా పేరు స్టెఫైలోకాకస్ ఆరియస్. 1880ల తొలినాళ్లలో స్కాట్లండులోని అబర్డీన్‌లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జన్ చీమును మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే గుండ్రటి కణాలు ద్రాక్షగుత్తిలా కనిపించాయి. గ్రీకు భాషలో ద్రాక్షగుత్తి అని అర్థం వచ్చేట్టు ఆయన స్టెఫైలోకాకస్ అని పేరు పెట్టారు. ప్రయోగశాలలో పెంచితే బంగారు పసుపు రంగులో పెరిగే రకానికి తరువాత ఆరియస్ అన్న మాట చేరింది. ఆరోగ్యంగా తిరిగే ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరి ముక్కులో ఇది ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉంటుంది. చర్మం తెగినప్పుడే దానికి దారి దొరుకుతుంది. పిల్లల పెచ్చుపుండ్లలో దీనితోపాటు స్ట్రెప్టోకాకస్ అనే మరో రకం కూడా ఉండవచ్చు. దానివల్ల కొందరు పిల్లలకు పుండు మానిన కొన్ని వారాలకు మూత్రపిండాలు వాచి మూత్రం ఎర్రగా వస్తుంది. అందుకే "పుండే కదా, అదే మానుతుంది" అనుకోవడం మంచిది కాదు.

ఇన్నాళ్లూ వీటికి మందు యాంటీబయాటిక్కే. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను గుర్తించింది ఈ స్టెఫైలోకాకస్‌ను పెంచుతున్న గాజుపళ్లెంలోనే. ఆ కథ మా పిల్లలు పరీక్షల్లో రాస్తూనే ఉంటారు. వాళ్లు రాయనిది ఒకటుంది. 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూ చేసిన ప్రసంగంలో ఫ్లెమింగే హెచ్చరించారు. మందు చాలీచాలకుండా వాడితే బ్యాక్టీరియా దానికి అలవాటుపడి మొండికేస్తుందని ఆయన భావం. అదే జరిగింది. పెన్సిలిన్‌కు లొంగని రకాల కోసం 1959లో మెథిసిలిన్ అనే మందు వచ్చింది. 1961కల్లా దానికీ లొంగని రకం ఇంగ్లండులో బయటపడింది. ఎంఆర్ఎస్ఏ అని ఆస్పత్రుల్లో వినిపించే పేరు దానిదే.

మన తెలుగువారికి ఈ కథలో ఒక గొప్ప చోటు ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహిస్తున్నప్పుడే, అక్కడ పనిచేసిన బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. 1948లో అది లోకానికి తెలిసింది, సుబ్బారావు గారు కన్నుమూసిందీ ఆ ఏడే. బంగారు రంగు బ్యాక్టీరియా పేరులో ఉన్న లాటిన్ మాటే బంగారు రంగు మందు పేరులోనూ ఉంది. క్లాసులో ఈ మాట చెబితే పిల్లలు మరిచిపోరు.

ఆ బంగారు కాలం పోయింది. లాన్సెట్ పత్రికలో 2022లో వచ్చిన అంచనా ప్రకారం, 2019 ఒక్క సంవత్సరంలోనే మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది చనిపోయారు. కొత్త యాంటీబయాటిక్కులు వచ్చే వేగం తగ్గింది. ఈ స్థితిలోనే శాస్త్రవేత్తలు దశాబ్దాల కిందట పక్కన పెట్టేసిన ఒక దారి వైపు మళ్లీ చూస్తున్నారు. జెద్దా సందేశం మూలం అక్కడ ఉంది.

మనకు జబ్బు చేసినట్టే బ్యాక్టీరియాకూ జబ్బు చేస్తుంది. దానికి జబ్బు తెచ్చే వైరస్‌ను బ్యాక్టీరియోఫేజ్ అంటారు, పొట్టిగా ఫేజ్. బ్యాక్టీరియాను తినేది అని అర్థం. మన పాఠ్యపుస్తకంలో ఆరు కాళ్లు, పొడుగు తోక, పలకల తలతో చంద్రుడి మీద దిగిన యంత్రంలా ఉండే బొమ్మ దీనిదే. ఇది మనిషి కణాల్లోకి దూరలేదు. దాని తాళంచెవి బ్యాక్టీరియా తాళానికే సరిపోతుంది. నేలలో, నీళ్లలో, మన పేగుల్లో, మన చర్మం మీద ఇవి లెక్కలేనన్ని ఉన్నాయి. "కరోనా చాలదా" అన్న పెద్దలకు మా జవాబు ఇంతే: ఫేజ్‌లు ఈ పూట మీ అరచేతిలోనూ ఉన్నాయి.

వీటి జాడ ముందుగా కనబడిన చోట్లలో మన దేశమూ ఒకటి. గంగ, యమున నీళ్లలో కలరా క్రిములను చంపేది ఏదో ఉందని ఎర్నెస్ట్ హాంకిన్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త 1896లో రాశారు. అదేమిటో ఆయనకు అంతుపట్టలేదు. 1915లో లండన్‌లో ఫ్రెడరిక్ ట్వార్ట్, 1917లో పారిస్‌లో ఫెలిక్స్ డెరెల్ విడివిడిగా దాన్ని పట్టుకున్నారు. పేరు పెట్టింది డెరెల్. 1919లో రక్తవిరేచనాలతో ఉన్న పిల్లలకు ఫేజ్ ద్రవం తాగించే ముందు, హాని లేదని తేల్చుకోవడానికి ఆయన, ఆస్పత్రి వైద్యులు తామే తాగి చూశారు. ముందు తాము తాగి తరువాత పిల్లలకు ఇచ్చిన ఆ పద్ధతి చదివినప్పుడు, ట్యూబులు పంచుతూ మేము దిగిన ఫోటో గుర్తొచ్చింది.

ఇక చర్మం సంగతి. ఫేజ్ వైద్యం గురించి పత్రికల్లో ముందుగా అచ్చయిన నివేదిక చర్మం మీది చీముగడ్డల గురించే. 1921లో బెల్జియంలోని లూవెన్‌లో బ్రునోగ్, మైసిన్ అనే ఇద్దరు వైద్యులు స్టెఫైలోకాకస్ గడ్డలను కోసి, వాటి చుట్టూ ఫేజ్ ద్రవాన్ని ఎక్కించారు. ఒకటి రెండు రోజుల్లో వాపు, నొప్పి తగ్గాయని రాశారు. 1923లో జార్జియా దేశంలోని టిబిలిసిలో జార్జి ఎలియావా ఫేజ్‌ల కోసమే ఒక సంస్థ పెట్టారు. 1937లో స్టాలిన్ కాలపు హత్యాకాండలో ఆయన్ను చంపేశారు, సంస్థ మాత్రం బతికింది. ఇప్పటికీ అక్కడ ఫేజ్‌లతో వైద్యం చేస్తారు. మిగతా ప్రపంచం మాత్రం పెన్సిలిన్ రాగానే వీటిని వదిలేసింది. కారణం లేకపోలేదు. ఒక ఫేజ్ ఒకే జాతి బ్యాక్టీరియాలోనూ కొన్ని రకాలనే చంపుతుంది. రోగి పుండులో ఉన్న రకానికి సరిపోయే ఫేజ్‌ను వెతికి పట్టుకోవాలి. ఆ రోజుల్లో సీసాల్లో అమ్మిన ఫేజ్ ద్రవం ఒకటి పనిచేస్తే ఇంకొకటి పనిచేసేది కాదు.

ఇప్పుడు ఎంజైము దగ్గరికి వద్దాం. ఫేజ్ బ్యాక్టీరియాలోకి దూరి, దాని సరంజామాతోనే తనలాంటివాటిని పదులు, వందల సంఖ్యలో తయారు చేయించుకుంటుంది. తరువాత దానికి ఒక చిక్కు వస్తుంది. బయటికి ఎలా పోవాలి? బ్యాక్టీరియా చుట్టూ గట్టి కణకవచం ఉంది. పంచదార గొలుసులను చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలతో అడ్డంగా కట్టి అల్లిన వల అది. నులకమంచం అల్లిక గుర్తు తెచ్చుకోండి. లోపలి పీడనం ఎంతో తెలుసా? స్టెఫైలోకాకస్‌లాంటి వాటిలో సుమారు 20 వాతావరణ పీడనాలు, అంటే కారు టైరులో ఉండేదానికి చాలా రెట్లు. ఆ ఒత్తిడిని తట్టుకొని కణాన్ని పగలకుండా పట్టి ఉంచేది ఆ వలే. బయటపడే వేళకు ఫేజ్ రెండు పనిముట్లు సిద్ధం చేయించుకుంటుంది. ఒకటి లోపలి పొరకు రంధ్రాలు పెడుతుంది. రెండోది ఆ రంధ్రాల్లోంచి వెళ్లి వల కట్లను కోస్తుంది. కట్లు తెగగానే లోపలి ఒత్తిడికి కణం బెలూనులా పగులుతుంది, ఫేజ్‌లు బయటపడతాయి. ఆ రెండో పనిముట్టు, ఆ కత్తెర, పేరు ఎండోలైసిన్.

న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో విన్సెంట్ ఫిషెట్టి బృందానికి వచ్చిన ఆలోచన సూటిగా ఉంది. లోపలి నుంచి కోసే కత్తెరను విడిగా తయారుచేసి బయటి నుంచి తగిలిస్తే కోయదా? 2001లో వారు అచ్చువేసిన ప్రయోగంలో, గొంతులో స్ట్రెప్టోకాకస్ ఉన్న ఎలుకలకు ఈ ఎంజైమును ఒక్క మోతాదు ఇస్తే గంటల్లో ఆ బ్యాక్టీరియా కనిపించకుండా పోయింది. ఇందులో ఫేజ్ లేదు. వైరస్ లేదు. దాని చేతిలోని పనిముట్టు మాత్రమే ఉంది. అది ఒక ప్రోటీన్, పెరగదు, పిల్లల్ని పెట్టదు, పని అయ్యాక అరిగిపోతుంది.

పెన్సిలిన్ కూడా ఈ కణకవచం మీదే పనిచేస్తుంది కదా అని చదువుకున్నవారు అడగవచ్చు. తేడా ఉంది. పెన్సిలిన్ గోడ కట్టే తాపీమేస్త్రీ చేతులు కట్టేస్తుంది. గోడ కడుతున్నప్పుడే, అంటే బ్యాక్టీరియా పెరుగుతున్నప్పుడే, దాని దెబ్బ తెలుస్తుంది. ఎండోలైసిన్ కట్టి ఉన్న గోడనే కూలుస్తుంది. బ్యాక్టీరియా మందకొడిగా ముడుచుకొని కూర్చున్నా దీనికి పట్టింపు లేదు. పాత పుండ్లలో బ్యాక్టీరియా జిగురు పొర కట్టుకొని దాక్కుంటుంది. అక్కడ కూడా ఇది పనిచేస్తుందేమోనని ఆశ పెట్టుకున్నది ఇందుకే.

ఈ గోడ సంగతిలో మన హైదరాబాదుకూ భాగం ఉంది. సీసీఎంబీలో మంజులా రెడ్డి గారి బృందం తేల్చిందేమిటంటే, బ్యాక్టీరియా పెరగాలంటే తన వల కట్లను తానే కొన్ని చోట్ల కోసుకోవాలి. కోస్తేనే కొత్త పోగు చేర్చడానికి జాగా వస్తుంది. ఆ కోసే ఎంజైములను వారు ఈ.కోలై బ్యాక్టీరియాలో గుర్తించారు. ఈ కణకవచం పనికే ఆమెకు 2019లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. బ్యాక్టీరియా జాగ్రత్తగా, కొలిచి వాడుకునే కత్తెర లాంటిదాన్నే ఫేజ్ విచ్చలవిడిగా వాడుతుందని మేము క్లాసులో చెబుతాము.

ఈ కత్తెరకు రెండు భాగాలుంటాయి. ఒక భాగం పట్టుకుంటుంది, ఇంకో భాగం కోస్తుంది. పట్టుకునే భాగం ఫలానా జాతి గోడనే గుర్తుపడుతుంది. అందువల్ల స్టెఫైలోకాకస్ ఆరియస్ కోసం చేసిన ఎంజైము పక్కనే ఉన్న మంచి బ్యాక్టీరియాను ముట్టుకోకుండా ఉండేలా చేయవచ్చు. మన చర్మం మీద అదే కుటుంబానికి చెందిన ఎపిడెర్మిడిస్ అనే రకం కాపలా కాస్తూ ఉంటుంది. యాంటీబయాటిక్ పొలమంతా చల్లిన గడ్డిమందులాంటిది. ఎండోలైసిన్ కలుపును ఏరి పీకే కూలీ లాంటిది. ఇంకో ఆశ కూడా ఉంది. పట్టుకునే చోటు గోడలో ముఖ్యమైన భాగం కాబట్టి, దాన్ని మార్చుకొని తప్పించుకోవడం బ్యాక్టీరియాకు కష్టం. ప్రయోగశాలల్లో దీనికి మొండికేయడం అరుదుగానే కనిపించింది. ఎన్నటికీ మొండికేయదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇంత బాగుంటే వెంటనే ఎందుకు కొనకూడదు? మేము దాతగారికి రాసిన జవాబులో ఎక్కువ భాగం దీని గురించే.

ఆయన చెప్పిన క్రీము నెదర్లాండ్స్‌కు చెందిన మైక్రియోస్ కంపెనీది. అందులోని ఎంజైము పేరు స్టాఫెఫెక్ట్. అక్కడ అది డాక్టరు చీటీ మీద రాసే మందుగా కాక, షాపులో కొనుక్కునే చర్మసంరక్షణ క్రీముగా అమ్ముడుపోతోంది. ఈ తేడా పెద్దది. 2017లో రోటర్‌డామ్ వైద్యులు ముగ్గురు రోగుల కథ అచ్చువేశారు. ఏళ్ల తరబడి స్టెఫైలోకాకస్ చర్మబాధలతో ఉన్న ఆ ముగ్గురికీ ఈ క్రీముతో మేలు జరిగింది. ఫోనులో తిరిగేది ఈ కథే. తిరగనిది ఇంకొకటుంది. 2019లో అదే ఊరి వైద్యులు ఎగ్జిమా ఉన్న 100 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఎంజైము క్రీము, ఇంకో జట్టుకు ఎంజైము లేని క్రీము 12 వారాలు ఇచ్చిన పరీక్ష ఫలితం వచ్చింది. ఎవరికి ఏది ఇచ్చారో రోగులకు తెలియదు. క్రీము వల్ల హాని కనిపించలేదు. అయితే స్టెరాయిడ్ వాడకం తగ్గుతుందని ఆశిస్తే, రెండు జట్లకూ తేడా లేకపోయింది. ఎగ్జిమా వేరు, మన పిల్లల పెచ్చుపుండ్లు వేరు. కాబట్టి ఆ ఒక్క పరీక్షతో తలుపు మూసెయ్యలేం. కానీ ముగ్గురి కథ విని పెట్టెలకొద్దీ కొనడం మేము ఇంతకుముందు చేసిన పనే.

ఇంకో కబురూ ఉంది. రక్తంలోకి చేరిన స్టెఫైలోకాకస్ కోసం ఎక్సెబకేస్ అనే ఎండోలైసిన్‌ను అమెరికాలో ఇంజెక్షనుగా పరీక్షించారు. మొదటి పరీక్షలు ఆశ కలిగించాయి. పెద్ద పరీక్షను మాత్రం ప్రయోజనం కనిపించేలా లేదని 2022లో మధ్యలోనే ఆపేశారు. దాన్ని తయారుచేసిన కంట్రాఫెక్ట్ కంపెనీ 2023 చివర దివాళా తీసింది. పనికిరాని ఆలోచన అని దీనికి అర్థం కాదు. గాజుపళ్లెంలో పగిలిన గోడ, మనిషి ఒంట్లో అంత తేలిగ్గా పగలకపోవచ్చు.

హద్దులు కూడా తెలుసుకోవాలి. కొన్ని బ్యాక్టీరియాలకు కణకవచం పైన ఇంకో పొర దుప్పటిలా కప్పి ఉంటుంది. సూడోమోనాస్ అలాంటిది. మామూలు ఎండోలైసిన్ ఆ దుప్పటి దాటి గోడను చేరలేదు. షుగరు వ్యాధి ఉన్నవారి కాలిపుండ్లలో ఇలాంటి బ్యాక్టీరియా తరచుగా ఉంటుంది. కాబట్టి "మా నాన్నగారి కాలికి రాయొచ్చా?" అని మమ్మల్ని అడిగినవారికి జవాబు: వద్దు, కాలిపుండును సర్జన్‌కు చూపించండి. లోతైన సెగగడ్డకు కూడా పైపూత చాలదు. చీము బయటికి పోవాలి, అది డాక్టరు చేతిలోని పని. తామరకు, గజ్జికి ఈ ఎంజైము ఎందుకూ కొరగాదు.

సమావేశంలో ఒక పెద్దాయన మెల్లగా అడిగిన ప్రశ్నను దాటవేయదలచుకోలేదు. ఎక్సెబకేస్ మూలం స్ట్రెప్టోకాకస్ సూయిస్ అనే బ్యాక్టీరియాలోని ఫేజ్. సూయిస్ అంటే పందికి సంబంధించినది. ఆ బ్యాక్టీరియా పందుల్లో ఉంటుంది. "మరి మనం వాడొచ్చా?" అని ఆయన అడిగారు. సైన్సు వరకు చెప్పగలిగింది ఇది. ఇలాంటి ఎంజైమును జంతువు ఒంట్లోంచి తీయరు. దాని జన్యువు క్రమాన్ని ప్రయోగశాల బ్యాక్టీరియాలో పెట్టి, పెద్ద పాత్రల్లో పెంచి, ప్రోటీన్‌ను శుద్ధి చేస్తారు. ఒకప్పుడు ఇన్సులిన్‌ను పందుల, పశువుల క్లోమం నుంచి తీసేవారు. 1982 నుంచి బ్యాక్టీరియాలో తయారైన మానవ ఇన్సులిన్ అమ్మకానికి వచ్చింది, ఇప్పుడు మనలో చాలామంది వాడేది అలా తయారైనదే. దానికీ దీనికీ తయారీ పద్ధతి ఒకటే. ఇక ధర్మబద్ధమా కాదా అన్న తీర్పు మా పరిధి కాదు. ఈ వివరాలు ముఫ్తీ సాబ్ ముందు పెడితే ఆయన చెబుతారు. వివరం తెలియకుండా అడిగితే మాత్రం జవాబు సరిగా రాదు.

ఇవన్నీ రాసి జెద్దాకు పంపాము. క్రీము తెప్పించవద్దని, ఆ డబ్బు మాత్రం ఇవ్వమని అడిగాము. కొంచెం మొహమాటంగానే ఉండింది. డాక్టరమ్మ చెప్పిన లెక్క ప్రకారం మాకు కావలసినవి వేరే ఉన్నాయి. మానని పుండు ఉన్న పిల్లవాడి చీమును దూదిపుల్లతో తీసి ల్యాబుకు పంపితే, ఏ బ్యాక్టీరియా ఉందో, ఏ మందుకు లొంగుతుందో రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది. దాన్ని కల్చర్ పరీక్ష అంటారు. రేపు ఎండోలైసిన్ నిజంగా మందుగా వచ్చినా ఈ పరీక్ష లేకుండా వాడలేం. ఏ బ్యాక్టీరియా ఉందో తెలియకపోతే ఏ కత్తెర కావాలో ఎలా తెలుస్తుంది? గజ్జి ఉన్న గదిలో దురద ఉన్నా లేకపోయినా అందరికీ ఒకే రాత్రి మెడ కింద నుంచి అరికాళ్ల దాకా మందు రాయాలి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతకాలి. ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ సొంత తువ్వాలు, సొంత సబ్బు ఉండాలి. మందు స్ట్రిప్ మీద నిలువుగా ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా కొనకూడదు, మొదలుపెట్టాక చెప్పినన్ని రోజులూ వాడాలి. ఆ ఎర్రగీత అర్థం మా తొమ్మిదో తరగతిలో అడిగితే ఒక్క అమ్మాయికే తెలిసింది. వాళ్ల అన్నయ్య మందుల షాపులో పనిచేస్తాడట.

జెద్దా నుంచి జవాబు మూడో రోజు వచ్చింది. "సరే మాస్టర్ సాబ్. కల్చర్ పరీక్షల ఖర్చు నాది. రిపోర్టులు నాకూ పంపండి, చదువుకుంటాను" అని రాశారు. తువ్వాళ్ల ఖర్చు మన ఊరి బట్టల వ్యాపారి ఒకరు మోశారు. వార్డెన్ ఆపా ప్రతి తువ్వాలు అంచుకు ఒక్కో రంగు దారంతో గుర్తు కుట్టించారు. చిన్నపిల్లలకు పేర్లు చదవడం రాదు, రంగు గుర్తుంటుందని ఆమె లెక్క.

ఈ వానాకాలంలో మొదట పంపిన రిపోర్టు ఒక ఏడేళ్ల పిల్లవాడిది. మోకాలి మీద పుండు నెల రోజులుగా మానలేదు. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే వచ్చింది. కాగితం మీద మందుల పేర్లు వరసగా ఉన్నాయి, కొన్నింటి పక్కన లొంగదు అని, కొన్నింటి పక్కన లొంగుతుంది అని. లొంగనివాటిలో, రెండేళ్ల కిందట మేము పంచిన క్రీములోని యాంటీబయాటిక్ పేరు కూడా ఉంది. డాక్టరమ్మ లొంగుతుందన్న ఒక పాత, చవక మందు రాసి ఇచ్చారు. పది రోజులకు పుండు ఎండింది. కాగితాన్ని ఫోటో తీసి జెద్దాకు పంపించాము.